గ్రహములు కాని గ్రహ నీహారికలు

గత సంవత్సరము ఆకాశ విశేషములను గూర్చి ఈ కేంద్రమునుండి ప్రసంగించుచు, అభిజిత్ నక్షత్రమునకు సమీపముననున్న వలయ నీహారికను మేము వర్ణించితిమి. "దూరదర్శినిలో చూచినచో అది పచ్చని నడుము, ఎర్రని అంచు గలిగి రత్నపుటుంగరమువలె మెరయుచుండును" అని చెప్పితిమి. వారము తిరుగకమునుపే ఒక పోస్టుకార్డు వచ్చినది. వ్రాసినవారు పదవీ విరమణ చేసిన గణితోపాధ్యాయులు. కార్డుపై నాలుగే వాక్యములు: "తమ ప్రసంగం విన్నాను. బాగుంది. ఆ రంగులు కెమెరాకు కనబడతాయి గాని కంటికి కనబడవు. తమరు స్వయంగా చూసి చెప్పారా, ఫొటో చూసి చెప్పారా?"

మేము ఫొటో చూచియే చెప్పితిమి. ఆ మాట ఒప్పుకొనుటకు రెండు దినములు పట్టినది. సభలో మాటలాడు వానిని ఎదుటనున్నవారు నిలదీసి అడుగగలరు. రేడియోలో మాటలాడువానికి ఆ భయము లేదు. శ్రోత తన యింట కూర్చుండి విని, నిజమేనని నమ్మి, పిల్లలకు చెప్పును. అందుచేత మా పొరపాటు ఒక్క నోటితో ఆగిపోదు. ఉపాధ్యాయులకు ఉన్నది ఉన్నట్లు వ్రాసి క్షమాపణ కోరితిమి. వారు మరల ఒక కార్డు వ్రాసిరి: "చైత్ర అమావాస్యకు మా ఊరు రండి. పద్దెనిమిది అంగుళాల అద్దం ఉంది. చీకటి ఇంకా కొంత మిగిలి ఉంది." ఆ రాత్రి మేము చూచినదియు, చూడలేనిదియు శ్రోతలకు విన్నవించుటయే నేటి ప్రసంగమున మా ఉద్దేశము.

ముందుగా పేరునుగూర్చి ఒక మాట. గ్రహ నీహారికలకును గ్రహములకును ఎట్టి సంబంధమును లేదు. ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను సంగీతజ్ఞుడు తన యింటనే అద్దములు సానపట్టుకొని, 1781లో యురేనస్ గ్రహమును కనుగొనెను. ఆ మరుసటి సంవత్సరము మొదలుకొని ఆకాశమును వరుసగా గాలించుచుండగా, గుండ్రముగ, మసకగ, యురేనస్ బింబమును పోలిన కొన్ని మచ్చలు ఆయనకు కనబడినవి. వాటికి ఆయన గ్రహ నీహారికలని పేరు పెట్టెను. ఆయన నిచ్చెనపై నిలిచి చూచినది చూచినట్లు కేకవేసి చెప్పుచుండగా, చెల్లెలు కెరొలిన్ దీపము చెంత కూర్చుండి వ్రాసికొనుచుండెడిది. పేరు తప్పని తరువాత తెలిసినను మార్చినవారు లేరు. మన యిండ్లలో నల్లనివాడు ఎర్రయ్యగ జీవించునట్లే, ఈ నీహారికలును పేరుతో నిమిత్తము లేక వెలుగుచున్నవి.

ఇక మా ప్రయాణము. నల్లమల కొండల అంచున ఒక చిన్న గ్రామము. బస్సు దిగునప్పటికి ప్రొద్దు వాలుచుండెను. ఉపాధ్యాయులను ఊరిలో అందరును మాస్టారు అనియే పిలుతురు. వయస్సు డెబ్బదికి పైబడినది. పెరటికి ఆవలనున్న దున్నని చేనిలో దూరదర్శినిని అప్పటికే నిలిపియుంచిరి. ఇత్తడి గొట్టమును, గుమ్మటమును ఊహించుకొని పోయిన మాకు కనబడినవి ఒక ప్లైవుడ్డు పెట్టె, ఎనిమిది అల్యూమినియము కమ్ములు, పైన మరియొక చిన్న పెట్టె. డాబాపై ఎందులకు పెట్టలేదని అడిగితిమి. పగలెల్ల ఎండకు కాగిన సిమెంటు రాత్రియంతయు ఆవిరి గ్రక్కుచుండును. ఆ వేడిగాలిలో నక్షత్రములు ఉడుకుచున్న గంజిలో మెతుకులవలె కదలుచుండునట. మట్టినేల త్వరగా చల్లారును. అద్దము కూడ చల్లారవలెనని దాని వెనుక ఒక చిన్న విద్యుత్ పంకాను అమర్చిరి.

ఆ అద్దమును మాస్టారు తమ చేతులతోనే చేసిరి. రెండు గాజు బిళ్లలను ఒకదానిపై నొకటి ఉంచి, నడుమ కార్బొరండము పొడియు నీరును వేసి రుద్దుచుండగా, పైబిళ్ల క్రమముగ పల్లమగును, క్రిందిబిళ్ల ఉబ్బెత్తగును. పొడిని అంతకంతకు మెత్తనిదిగ మార్చుచు పోయి, చివరకు కీలువంటి పదార్థముపై సీరియము ఆక్సైడుతో మెరుగు పెట్టవలెను. పిమ్మట తప్పులు పట్టుట. 1858లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫూకో కనిపెట్టిన పరీక్షకు కావలసినవి ఒక చిన్న దీపమును, ఒక క్షౌరపు బ్లేడును మాత్రమే. దానితో మిల్లీమీటరులో పదివేలవ వంతు ఎగుడు దిగుడు కూడ నీడగ కనబడును. మంచి దర్పణమునకు అంతకు మించిన తప్పు ఉండరాదు. ఈ పని వసారాలో రెండేండ్లు సాగినదట. "ఇంత అరగదీత గంధం చెక్క మీద తీసి ఉంటే ఊళ్లో గుళ్లన్నిటికీ సరిపోయేది" అని మాస్టారు భార్య మాతో నవ్వుచు చెప్పినది.

ఇంత పెద్ద అద్దమును ఇంత చౌకగ నిలబెట్టు విధానమును లోకమునకు నేర్పినవారు జాన్ డాబ్సన్. ఆయన 1915లో చైనా దేశపు పెకింగు నగరమున జన్మించి, 1944లో శాన్ ఫ్రాన్సిస్కోలోని వేదాంత సమాజమున, రామకృష్ణ సంప్రదాయపు మఠములో చేరెను. చేత ధనము లేని ఆ బ్రహ్మచారి, ఓడ గవాక్షముల గాజుబిళ్లలను సంపాదించి అద్దములు సానపట్టెను. 1967లో మఠమును వీడిన పిమ్మట, దూరదర్శినిని వీధిలోనికి తెచ్చి దారిన పోవువారికెల్ల చంద్రుని, శనిని చూపుచు, 2014లో మరణించువరకు ఈ పనినే వ్రతముగ పెట్టుకొనెను. చెక్కపెట్టెపై సులువుగ తిరుగు ఆ నిర్మాణమును ఇప్పుడు ప్రపంచమంతట డాబ్సోనియన్ అనుచున్నారు. నేడు ఒక పల్లెటూరి ఉపాధ్యాయుడు పద్దెనిమిది అంగుళముల దర్పణమునకు యజమానుడగుట దానివలననే సాధ్యమైనది.

పద్దెనిమిది అంగుళములనగా 457 మిల్లీమీటరులు. చీకటిలో పూర్తిగ విచ్చుకొన్న పడుచువాని కంటిపాప సుమారు 7 మిల్లీమీటరులు. వెలుతురు వైశాల్యమును బట్టి చేరును గనుక, ఈ అద్దము మన కంటికంటె నాలుగువేల రెట్లకు పైగా కాంతిని పోగుచేయును. అయినచో నీహారిక నాలుగువేల రెట్లు ప్రకాశవంతముగ కనబడునా? కనబడదు. పొరపాటు పడునది ఇచ్చటనే. చుక్కవలె కనబడు నక్షత్రము విషయమున ఆ లెక్క సరిపోవును. విస్తీర్ణము గల నీహారిక విషయమున, పోగైన వెలుతురు అంతయు పెద్దదైన బింబముపై పరచుకొనును. పిండిముద్ద పెద్దదైనను అట్లు కూడ పెద్దదైనందున, రొట్టె మందము పెరుగనట్లని మాస్టారు ఉపమానము చెప్పిరి. పెద్ద దూరదర్శిని నీహారికను పెద్దదిగ చూపును. దాని వెల్లదనమును మాత్రము పెంచలేదు.

చీకటిపడినది. సెల్ ఫోనులు గడప లోపలనే ఉంచవలెనని ఆజ్ఞ అయ్యెను. కన్ను చీకటికి పూర్తిగ అలవాటుపడుటకు అరగంట పట్టును. ఒక్క క్షణము తెల్లని వెలుతురు పడినచో మరల మొదటికి వచ్చును. ఎర్రకాగితము చుట్టిన టార్చి దీపము మాత్రమే అనుమతి. చేనికెదురుగ ఒక వీధిదీపమున్నది. దానికి మాస్టారు పంచాయతీవారి అనుమతితో రేకుతో ఒక టోపీ చేయించిరి. అప్పటినుండి దాని వెలుతురంతయు బాటమీదనే పడుచున్నది. "బాటకు వెలుతురు పెరిగింది, నాకు చీకటి పెరిగింది. ఇద్దరికీ లాభమే" అని వారి మాట. తూర్పున మాత్రము ముప్పది మైళ్ల దూరముననున్న పట్టణపు దీపకాంతి, తెల్లవారుచున్నదేమో అను భ్రమను కలిగించుచు, దిగంతమున తెల్లగ ప్రాకియుండెను.

రాత్రి ఎనిమిది గంటలకు మఖా నక్షత్రమునకు చాల దక్షిణముగ, హైడ్రా మండలములోనున్న ఒక నీహారికను చూపిరి. జాబితాలలో దాని సంఖ్య 3242. హెర్షెల్ దానిని 1785లో కనుగొనెను. కొందరు దానిని గురుగ్రహపు దయ్యమందురు. రెండు మెట్లు ఎక్కి అక్షి కటకమున కన్నుపెట్టితిమి. నక్షత్రముల నడుమ, నక్షత్రము కానిది ఒకటి, చిన్నదిగ, గుండ్రముగ, మంచు పట్టిన దీపమువలెనుండెను. దానియందు లేత నీలము కలిసిన పచ్చదనము నిస్సంశయముగ కనబడినది. "మరి రంగు కనబడుచున్నదే!" అని కొంత గర్వముతో అంటిమి. మాస్టారు నవ్విరి. "ఇది చిన్నది, చిక్కనిది. ఉన్న వెలుతురంతా ఒక చోటే ఉంది కనుక రంగు తెలుస్తుంది. అన్నీ ఇంతే అనుకోకండి."

కంటి యందు రెండు విధములైన కణములు కలవు. రంగులను గుర్తించు కణములకు వెలుతురు దండిగ కావలెను. చీకటిలో పనిచేయు కణములకు అతిస్వల్పమైన వెలుతురు చాలును. అయితే వాటికి రంగు తెలియదు. ఈ రెండవవి కంటి నడిబొడ్డున లేవు, ప్రక్కలనున్నవి. అందుచేత మసక వస్తువును చూడవలెనన్న దానివంక సూటిగ చూడరాదు. కొంచెము ప్రక్కకు చూచుచు, మనస్సును మాత్రము దానిపై నిలుపవలెను. హంస మండలములోని 6826 సంఖ్య గల నీహారికలో ఈ చిత్రము మరింత స్పష్టము. సూటిగ చూచినచో నడిమి నక్షత్రము మాత్రమే మిగులును. చూపు ప్రక్కకు త్రిప్పగనే చుట్టునున్న పొగ విచ్చుకొనును. కన్ను అటునిటు కదపుచుండగా అది రెప్పలార్చుచున్నట్లుండును.

పిదప సప్తర్షి మండలమున పులహ నక్షత్రము చెంత గుడ్లగూబ నీహారిక. దీనిని 1781లో మెషేన్ అను ఫ్రెంచివాడు కనుగొనెను. ఐర్లండులో డెబ్బది రెండు అంగుళముల మహాదర్పణమును నిర్మించిన లార్డ్ రాస్ దానియందు రెండు నల్లని కన్నులను చూచెను. మేము చూచినప్పుడు మొదట ఏమియు కనబడలేదు. కొంతసేపటికి అక్కడ ఆకాశము కొంచెము మాసినట్లు తోచినది. అప్పుడు మాస్టారు గోరంత గాజుబిళ్ల యొకటి అక్షి కటకమునకు బిగించిరి. నక్షత్రములు చాలవరకు మాయమైనవి. వాటికి బదులు గుండ్రని బూడిదరంగు బింబము, దానియందు రెండు మసక గుంటలు తేలివచ్చినవి. వెలుతురును తగ్గించు గాజు ఉన్నదానిని ఎట్లు ఎక్కువగ చూపినది? "దాని సంగతి రెండు గంటలకు చెప్తాను. అంతదాకా పడుకోండి" అని వారు చాప పరచిరి.

నిద్ర పట్టలేదు. మజ్జిగ త్రాగుచు చుక్కలక్రింద మాటలాడుకొంటిమి. ఈ నీహారికలు నక్షత్రముల అవసానమున పుట్టునవి. సూర్యునివంటి నక్షత్రము తన గర్భముననున్న హైడ్రొజన్ ఇంధనము అయిపోవగనే ఉబ్బి, ఎర్రని రాక్షస తారయగును. తరువాత పై పొరలను కొన్ని వేల ఏండ్లపాటు మెల్లగ విడిచిపెట్టును. విడువబడిన వాయువు సెకనుకు సుమారు ఇరువది, ముప్పది కిలోమీటరుల వేగమున నలుదిక్కులకు విస్తరించును. నడుమ మిగిలిన గర్భము భూమియంతటి పరిమాణమునకు కుంచించుకొనుచు, లక్ష డిగ్రీలకు పైగా వేడెక్కి, అతినీల లోహిత కిరణములను వెదజల్లును. ఆ కిరణములే చుట్టునున్న వాయువును వెలిగించుచున్నవి. పదివేలు, ఇరువదివేల ఏండ్లలో వాయువు పలుచబడి అంతరిక్షములో కలిసిపోవును. నక్షత్రముల ఆయుర్దాయము కోట్లకొలది సంవత్సరములు గనుక, ఇది దీపము ఆరునప్పటి ఒక్క రెపరెపవంటిది. మన పాలపుంతలో గుర్తింపబడిన గ్రహ నీహారికలు కొన్ని వేలు మాత్రమే యగుటకు కారణమిదియే. సుమారు 500 కోట్ల సంవత్సరములకు మన సూర్యునికిని రాక్షస తారయగు దశ తప్పదు.

అయితే ఆ విడిచినది వృథాపోదు. నక్షత్రగర్భమున వండబడిన కార్బనమును, నత్రజనియు ఆ వాయువుతోపాటు వెలుపలికి వచ్చి, రాబోవు నక్షత్రములకును గ్రహములకును ముడిసరకగును. మన దేహములలోని కార్బనమున, మనము పీల్చు గాలిలోని నత్రజనిలో చాల భాగము ఇట్టి నక్షత్రముల దానమే. మాస్టారు ఇది చెప్పుచు చేనివంక చేయి చూపి, "ఎండిన ఆకు ఎరువైనట్టే" అని ఊరకుండిరి.

రెండు గంటలకు ఉత్తరమున డ్రాకో మండలములోని పిల్లికన్ను నీహారికను చూచితిమి. ఇదియు చిన్నది, చిక్కనిది, నీలి పచ్చనిది. దీని చరిత్ర గొప్పది. 1864 ఆగస్టు 29వ తేదీ రాత్రి, లండనులో విలియం హగ్గిన్స్ అను సొంత వేధశాల గల ఔత్సాహికుడు, ఎనిమిది అంగుళముల దూరదర్శినికి వర్ణపట దర్శినిని తగిలించి ఈ నీహారికపై నిలిపెను. నీహారికలన్నియు దూరమువలన విడివిడిగ కనబడని నక్షత్రముల గుంపులేనని ఆ కాలమున పెక్కుమంది తలచెడివారు. అదే నిజమైనచో ఇంద్రధనుస్సువంటి పట్టీ కనబడవలెను. ఆయనకు కనబడినది ప్రధానముగ ఒకే ఒక పచ్చని గీత. పరికరము చెడినదేమో అని మొదట సందేహించెను. పిదప అది ప్రకాశించు వాయువని గ్రహించెను. 1790లో వృషభ రాశిలోని ఒక నీహారికను చూచి, "ఇది నక్షత్రముల గుంపు కాజాలదు" అని హెర్షెల్ చేసిన ఊహ ఆ రాత్రి ఋజువైనది.

ఆ పచ్చని గీత భూమిపై తెలిసిన ఏ మూలకమునకును సరిపడలేదు. ఇచ్చట మన గుంటూరు ప్రస్తావన వచ్చును. 1868 ఆగస్టు 18వ తేదీనాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చి, సూర్యుని అంచున లేచు జ్వాలలను వర్ణపట దర్శినితో పరీక్షించెను. ఆ సంవత్సరముననే ఇంగ్లండులో లాకియరు అట్టి జ్వాలలలోని ఒక పసుపు గీతను పరిశీలించెను. దాని కారణమైన హీలియమను క్రొత్త మూలకము 1895లో భూమిపై కూడ దొరకినది. అట్లే పచ్చని గీతకును ఒక క్రొత్త మూలకముండునని తలచి, దానికి నెబ్యూలియమని పేరు పెట్టుకొనిరి. అరువది యేండ్లు వెదకినను అది దొరకలేదు. 1927లో అమెరికాలో ఐరా బోవెన్ రహస్యమును విప్పెను. అది క్రొత్త మూలకము కాదు. మనము పీల్చు ఆక్సిజనే. రెండు ఎలక్ట్రానులను కోల్పోయిన ఆక్సిజన్ పరమాణువు, ఎవరును తాకక చాలసేపు విడిచిపెట్టినచో, ఆ పచ్చని కాంతిని వెలువరించును. మన గాలిలో పరమాణువులు క్షణమైన తీరిక లేక ఒకదానినొకటి ఢీకొనుచుండును. నీహారికలో ఘన సెంటీమీటరునకు కొన్ని వందలు, వేల కణములకు మించి ఉండవు. ఆ శూన్యములో మాత్రమే వాటికి ఆ తీరిక దొరకును.

మాస్టారు బిగించిన గాజుబిళ్ల మర్మమిప్పుడు తెలిసినది. అది ఆ పచ్చని గీతలను మాత్రమే పోనిచ్చి, మిగిలిన రంగులను ఆపును. వీధిదీపముల కాంతియు, ఆకాశపు సహజమైన వెలుగును ఆగిపోవును. నీహారిక కాంతిలో ముఖ్యభాగము మాత్రము లోనికి వచ్చును. చీకటికి అలవాటుపడిన కన్ను మిక్కిలి చురుకుగ గుర్తించునది కూడ ఇంచుమించు ఆ రంగు కాంతినే.

మూడు గంటలు దాటినది. అభిజిత్తు ఈశాన్యమున ఎత్తుగ నిలిచెను. మేము వచ్చిన పని ఇప్పుడు మొదలైనది. నూరు రెట్ల పెంపుతో వలయ నీహారికను చూపిరి. ఆ క్షణమున మాకు కలిగిన ఆనందమును దాచనక్కరలేదు. నల్లని ఆకాశమున పొగతో చేసిన చిన్న ఉంగరము, ఏ ఆధారమును లేక వ్రేలాడుచున్నది. ఇది మెస్సియర్ జాబితాలో 57వది. 1779లో కనుగొనబడినది. ఇచ్చటికి సుమారు 2,500 కాంతి సంవత్సరముల దూరము. మా కంటిని తాకిన ఆ కాంతి బయలుదేరినప్పటికి అమరావతి స్తూపము ఇంకను లేవలేదు.

"నడుమ నక్షత్రం కనబడుతున్నదా?" అని మాస్టారు అడిగిరి. పెంపును నాలుగువందల యేబది రెట్లకు మార్చిరి. వలయమును వెలిగించుచున్న నక్షత్రము సుమారు పదునైదవ తరగతిది. 1800లో జర్మనీలో ఫాన్ హాన్ దానిని చూచినట్లు వ్రాసెను. 1886లో హంగరీలో గోథార్డ్ దాని ఛాయాచిత్రము తీసెను. అది ఎచ్చట ఉండవలెనో మాకు ఫొటోల వలన తెలియును. వృద్ధులు, మా కొరకు రాత్రియంతయు మేలుకొన్నవారు. "కనబడుచున్నదండీ" అంటిమి.

"ఎక్కడ? నిలిచి ఉందా, వచ్చి పోతోందా? వలయం బయట, పక్కనే ఒక చుక్క ఉంది. దానికంటె మసకా, కాదా?"

మాకు సమాధానము లేదు. చీకటిలో మా ముఖము వారికి కనబడకపోయినను మా మౌనము వినబడినది. మొదటి పోస్టుకార్డులో వారు అడిగిన ప్రశ్నయే ఇదియు. చూడని దానిని చూచితిమని రెండవసారి చెప్పితిమి.

వారు కోపపడలేదు. ఒక అట్టముక్క, పెన్సిలు, ఎర్ర దీపము ఇచ్చి, "మీరు చూసింది గీయండి. తెలిసింది గీయకండి" అనిరి. నలుబది నిమిషములు గీచితిమి. అంతవరకు మేము చూడనివి అప్పుడు ఒక్కొక్కటిగ కనబడసాగినవి. వలయము సరిగుండ్రము కాదు, కోలగనున్నది. కోల యొక్క రెండు కొనలయందు వెలుతురు పలుచబడినది. నడిమి భాగము నల్లగ లేదు. పల్చని బట్ట కప్పినట్లు అచ్చటను మసక వెలుగున్నది. రంగు బూడిద, ఎంత చూచినను ఎరుపు లేదు. నక్షత్రమునకై ఎంతో ప్రయత్నించితిమి. రాత్రివేళ దూరపు రేడియో కేంద్రమునకై ముల్లు త్రిప్పుచు, గరగర నడుమ ఒక మాట వినబడినదో లేదో తెలియక చెవియొగ్గి కూర్చున్నట్లే ఉండెను. గాలి ఒక్కొక్కప్పుడు నిలకడగ నిలుచును. ఆ అరక్షణమున ఏదో మెరసినట్లు తోచును. తిరిగి చూచుసరికి లేదు. ఒకే చోట రెండుసార్లు తోచలేదు. నాలుగున్నరకు తూర్పున వేగుజాడ వచ్చినది. అట్టపై, బొమ్మక్రింద, "నక్షత్రము కనబడలేదు" అని వ్రాసితిమి.

మాస్టారు తమ నోటుపుస్తకమును తెచ్చి చూపిరి. పదునాలుగు సంవత్సరముల రాత్రులు అందున్నవి. వలయ నీహారికను వారు చూచినది అరువదిసార్లకు పైగా. నడిమి నక్షత్రమునకెదురుగ పుటపుటయందును "లేదు, లేదు, సందేహము, లేదు" అనియే కలదు. "కనబడినది" అని మూడుచోట్ల మాత్రమే యున్నది. "ఇప్పుడు కంట్లో పొర మొదలైంది. నాలుగోది నేను రాయలేనేమో. అందుకే మీరు ఉన్నదన్నప్పుడు గట్టిగా అడిగాను" అనిరి. ఆ మూడు మాటలకు విలువనిచ్చునవి చుట్టునున్న "లేదు"లే యని మాకు అప్పుడు అర్థమైనది.

2022లో జేమ్స్ వెబ్ అంతరిక్ష దూరదర్శిని ఈ వలయమునే చిత్రించినది. ఆ చిత్రములు ఇప్పుడు ఎవరి చేతి ఫోనులోనైనను చూడవచ్చును. అవి అబద్ధములు కావు. కంటికి అందని కిరణములను అవి పట్టును. గంటలకొలది కాంతిని పోగుచేయును. ఒక్కొక్క వాయువునకు ఒక్కొక్క రంగు నిచ్చును. శాస్త్రజ్ఞులకు అవియే ప్రమాణములు. కాని కన్ను చూచినది వేరు, యంత్రము చూచినది వేరని చెప్పవలసిన బాధ్యత చెప్పువానిది. ఆ బాధ్యతను గత సంవత్సరము మేము మరచితిమి.

కావున నాటి మా మాటను ఇట్లు సవరించుకొనుచున్నాము. వలయ నీహారిక దూరదర్శినిలో రత్నపుటుంగరమువలె మెరయదు. చిన్నదిగ, కోలగ, బూడిదరంగు పొగ ఉంగరమువలె కనబడును. దానిని చూచుటకు పద్దెనిమిది అంగుళములు అక్కరలేదు. నాలుగంగుళముల దూరదర్శినిలో చిన్న మచ్చగను, ఆరంగుళములదానిలో ఉంగరముగను తెలియును. వర్షములు వెలసిన కార్తికమాసమున, సంధ్య పూర్తిగ ముగిసిన పిమ్మట వాయవ్యమున అభిజిత్తును గుర్తింపుడు. దానిచెంత నాలుగు చుక్కలు వాలు చతురస్రముగ నుండును. అందు అభిజిత్తునకు దూరముగనున్న రెండింటి నడుమ వెదకుడు. సూటిగ చూడక ప్రక్కకు చూడుడు. పిల్లలకు ఫొటో ముందుగ చూపకుడు. బొమ్మ గీయించిన పిమ్మట చూపుడు. రంగు లేదని వారు నిరాశపడినచో, వారి కంటిలో పడినది చిత్రము కాదని, ఇరువదియైదు శతాబ్దముల క్రిందట అచ్చట బయలుదేరిన కాంతియేనని చెప్పుడు.

మేము గీచిన అట్టముక్క ఇప్పుడు మా బల్లపై నున్నది. "నక్షత్రము కనబడలేదు" అను మాటక్రింద మాస్టారు తేదీ, సమయము వేసి, "సరి" అని చేవ్రాలు చేసిరి. కార్తిక అమావాస్యకు మరల రమ్మనిరి. పోవుటకు నిశ్చయించుకొంటిమి.